ఏనుగు కడుపులోని జలగ ఏ జలగ?

రాగివెన్ను గింజపట్టు దినములు వచ్చునప్పటికి మన హోసూరు, డెంకణికోట ప్రాంతములకు ఏనుగుల మందలు దిగివచ్చుట ఏటేట జరుగు సంగతియే. బన్నేరుఘట్ట అడవులనుండియు, కావేరి లోయ వైపునుండియు వచ్చు ఆ మందలు రాత్రివేళ చేలలో మేసి, తెల్లవారకమున్నే చెరువులలో నీరు త్రాగి, గట్టుమీద లద్దెలు విడిచి, తోపులలోనికి తొలగిపోవును. అట్టి యొక ఉదయమున మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు గట్టుమీది లద్దెను పుల్లతో కదిపి చూచి, బడికి వచ్చి నన్నొక ప్రశ్న అడిగెను.

"సార్, మా ఆవుకు పోయినేడు జలగ జబ్బు వచ్చి ఎండిపోయింది. ఏనుగు కడుపులో కూడా జలగలుంటాయంట. అది దిగిన చెరువులో మా ఆవును దింపొచ్చునా?"

వచ్చుననియో రాదనియో ఒక్క మాటతో చెప్పి పంపివేయవచ్చును. కాని ఏనుగు కడుపులోని జలగయు, ఆవు కడుపులోని జలగయు ఒక్కటియేనా అనునది తేలనిదే ఆ మాట చెప్పుటకు వీలులేదు. వానిని తేల్చుకొను విధమేమి? అడవి మృగము మన యెదుట నిలిచి మందు పుచ్చుకొనదు. పరీక్షకై దానిని చంపరాదు. ఇట్టి స్థితిలో జంతుశాస్త్రజ్ఞులు ఏ యానవాళ్లనుబట్టి పురుగునకు పేరు పెట్టుదురో తెలిసికొనుటకు నేను కొన్ని నెలలు పుస్తకములు తిరుగవేయవలసివచ్చెను. అందు తెలిసినది మీకు చెప్పుచున్నాను.

ముందుగా ఒక మాట. మన రైతులు "జలగ" అనుచున్న ఈ పురుగు నిజమైన జలగ కాదు. చెరువులో కాలికి పట్టు జలగ ఉంగరములవంటి ఖండములు గలది, వానపామునకు చుట్టము. పశువు కడుపులోనిదో, చదును పురుగుల జాతికి చెందినది. ఆంగ్లమున దీనిని ఫ్లూక్ అందురు. శాస్త్రమున ట్రెమటోడ్ అందురు. ఈ రెండవది గ్రీకుపదము. రంధ్రములు గలది అని దాని యర్థము. పురుగు శరీరమున గిన్నెలవలె కనబడు చూషకములను చూచి పూర్వులు వానిని రంధ్రములనుకొనిరి. ఆ చూషకములతోనే ఇది పేగుగోడను, పిత్తనాళమును పట్టుకొని వ్రేలాడును. పట్టుకొను లక్షణమునుబట్టి మనవారు జలగ యనిన పేరు పెట్టుటలో తప్పేమియు లేదు. ఆవు కార్జములో నుండుదానిని కార్జపు జలగ యనియు, పొట్టలో నుండుదానిని పొట్ట జలగ యనియు వారు వేరుచేసి చెప్పుట గమనింపదగినది. ఎక్కడ నివసించునో చూచుటయే గుర్తించుటలో మొదటి మెట్టు.

ఈ పురుగుల జీవితము రెండిండ్ల కాపురము. గ్రుడ్డు పశువు పేడతో వెలువడి నీటిలో పడవలెను. దానినుండి కంటికానని డింభకము వెలువడి, తనకు తగిన నత్తను వెదకి దాని శరీరమున దూరును. నత్తలో ఒకటి పదులై, పదులు వందలై, తోకగల డింభకములుగా మరల నీటిలోనికి వచ్చును. అవి గడ్డిపరకలకు, నీటిమొక్కలకు అంటుకొని, తోక వదలి, చుట్టును తిత్తి కట్టుకొని, మేయవచ్చు పశువుకొరకు కాచుకొని యుండును. తగిన నత్త యనుటలో విశేషమున్నది. ప్రతి జలగకును తన నత్త తనకున్నది. ఆ నత్త లేని చెరువున ఆ జలగయు లేదు. మన ప్రాంతపు పశువుల కార్జపు జలగయైన ఫాసియోలా జైగాంటికా లిమ్నియా నత్తలను ఆశ్రయించును. పొట్ట జలగలలో పెక్కు చక్రమువలె చుట్టుకొన్న బల్లపరుపు గుల్లగల ఇండోప్లానార్బిస్, జైరాలస్ నత్తలను ఆశ్రయించును.

ఇక ఏనుగు సంగతి. మన దేశపు ఏనుగున ఈ జాతి పురుగులు ఒకటి కాదు, కొన్ని కలవు. దాని కార్జమునందు ఫాసియోలా జాక్సనై యను జలగ యుండును. పెద్దపేగునందును, దాని మొదట సంచివలె నుండు అంధనాళమునందును హాకేసియస్ హాకేసై, ఫెండేరియస్ పాపిల్లేటస్ మొదలగునవి యుండును. పేగులచుట్టునుండు రక్తనాళములలో బైవిటెల్లోబిల్‌హార్జియా నాయరై యనునది వసించును. దీనిని 1945లో ముదలియారు, రామానుజాచారి యను ఇద్దరు శాస్త్రజ్ఞులు మొదట వర్ణించిరి. ఈ పేర్లు పలుకుటకు నోరు తిరుగదు. మన భాషలో వీనికి పేర్లు లేవు. ఏనుగు కడుపు కోసి చూచినవారు మనలో ఎందరు గనుక?

పేగులో నున్నదియు, కార్జములో నున్నదియు, రక్తనాళములో నున్నదియు, అన్నియు తమ గ్రుడ్లను ఒకే దారిన పంపును. కార్జములోని గ్రుడ్లు పిత్తముతో పేగునకు వచ్చును. రక్తనాళములోని గ్రుడ్లు పేగుగోడను చీల్చుకొని వచ్చును. చివర కన్నియు చెరువుగట్టుమీది ఆ ఒక్క లద్దెలోనే కలిసియుండును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

ఈ పురుగులు ఏనుగులకు ప్రాణాంతకములు కాగలవను తలపు క్రొత్తది కాదు. కాబోల్డ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1875లో పరాన్నభుక్కులవలన ఏనుగులు నశించుటను గురించి యొక వ్యాసము ప్రకటించెను. అందులోనే మన దేశపు ఏనుగులును, గుఱ్ఱములును మన్ను తిను అలవాటును గూర్చియు చర్చించెను. మన్ను తిన్న ఏనుగు పురుగులను పడవేయునని మావటివాండ్రు నమ్ముటయు కలదు. అది నిజమగునో కాదో యటుంచి, ఏనుగునకు కడుపున బాధయున్నదని శాస్త్రజ్ఞునికంటె ముందు మావటి కనిపెట్టియుండుట సహజమే. పైన చెప్పిన హాకేసియస్‌ను లోకమునకు తెలిపినవాడు ఈ కాబోల్డే.

లద్దెను పరీక్షించు విధము కష్టమైనది కాదు. మన ప్రయోగశాలలోనే చేయవచ్చును. మంద దూరముగా పోయినదని అటవీశాఖవారు చెప్పినపిదపనే గట్టుకు పోవలెను. చేతులకు తొడుగులు వేసికొని, నాటి లద్దె ముద్దను విడదీసి, నేలనంటని లోపలి భాగమును కొంచెము తీసికొనవలెను. నేలనంటిన భాగమున మట్టిలోని పురుగులును, వాని గ్రుడ్లును చేరి మనలను మోసగించును. దానిని నీటిలో కలిపి, పలుచని గుడ్డతో వడగట్టి, ఎత్తైన గాజుగ్లాసులో పావుగంట నిలువనీయవలెను. జలగల గ్రుడ్లు బరువైనవి, అడుగునకు దిగును. పైనీటిని మెల్లగా ఒంపివేసి, మరల క్రొత్తనీరు పోసి, నీరు తేటపడువరకు ఇట్లే చేయవలెను. ఏలికపాముల గ్రుడ్లకొరకు ఉప్పునీటిలో తేల్చు పద్ధతియొకటి కలదు. అది యిక్కడ పనికిరాదు. తుదకు మిగిలిన మడ్డిలో మిథిలీన్ బ్లూ ద్రావకమొక బొట్టు వేసినచో పీచు, చెత్త నీలమగును. కార్జపు జలగ గ్రుడ్డు మాత్రము తన పసుపువన్నె విడువక నీలములో బంగారుగింజవలె కనబడును.

ఇక్కడ నా తెలివితక్కువను దాచనక్కరలేదు. మొదటి దినమున నేను ఒక గుండ్రని పసుపు గింజను చూచి, ఇదిగో జలగ గ్రుడ్డని పిల్లలందరిని పిలిచి వరుసగా చూపితిని. మరునాడు పుస్తకములోని బొమ్మతో పోల్చి చూడగా అది ఏదియో పువ్వు పుప్పొడి యని తేలెను. ఏనుగు తినని చెట్టు లేదు గదా! దాని లద్దెలో గ్రుడ్డువలె కనబడు గింజలకు కొదువ లేదు. గుండ్రముగా నున్నదెల్ల గ్రుడ్డు కాదు. మూత యున్నదా, లోపల కణముల ముద్ద యున్నదా, కొలత యెంత అను మూడు ప్రశ్నలు వేసికొన్నపిదపనే నోరు తెరువవలెనని నాటినుండి నియమము పెట్టుకొంటిని.

ఆ మూత ముఖ్యమైన యానవాలు. కార్జపు జలగ గ్రుడ్డునకును, పొట్ట జలగ గ్రుడ్డునకును ఒక కొన చిన్న మూత యుండును; డింభకము దానిని త్రోసికొని బయటికి వచ్చును. కార్జపు జలగ గ్రుడ్డు పిత్తపు రంగు పట్టి పసుపు కలిసిన గోధుమవన్నెగా నుండును. పొట్ట జలగ గ్రుడ్డు తెల్లగా, పారదర్శకముగా నుండును. రక్తనాళపు జలగ గ్రుడ్డునకు మూతయే లేదు. అంతేకాక అది వెలువడునప్పటికే లోపల డింభకము సిద్ధముగా నుండును. మంచినీరు తగిలిన కొలదిసేపటికే అది పగిలి డింభకము ఈదుచు వచ్చును. మూతగల గ్రుడ్లలో డింభకము తయారగుటకు వెచ్చని నీటిలో పదిదినములో అంతకుమించియో పట్టును. కాబట్టి గ్లాసులో నీరు పోసి కాచుకొని కూర్చుండుటయు ఒక పరీక్షయే.

ఇంతవరకు గ్రుడ్డు మనకు సహాయపడినది. ఇక ముందునకు అది సాగనీయదు. ఒక ఉదాహరణము చెప్పెదను. 1843లో లండనులో డ్రెడ్‌నాట్ అను నావికుల ఆసుపత్రి ఓడపై మన దేశపు ఓడకళాసి యొకడు మరణించెను. జార్జి బస్క్ అను వైద్యుడు అతని శరీరమును పరీక్షింపగా చిన్నపేగు మొదటి భాగమున పదునాలుగు పెద్ద జలగలు కనబడినవి. నేడు వానిని ఫాసియోలోప్సిస్ బుస్కీ యందురు. పందులయందును, మనుష్యులయందును పేగులలో నివసించు జలగ యిది. దీని గ్రుడ్డు 130 మొదలు 140 మైక్రానుల పొడవు, 80 మొదలు 85 మైక్రానుల వెడల్పు ఉండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. గొఱ్ఱెల కార్జపు జలగయైన ఫాసియోలా హెపాటికా గ్రుడ్డు 130 మొదలు 150 మైక్రానుల పొడవు, 63 మొదలు 90 మైక్రానుల వెడల్పు. రెంటికిని మూత కలదు, రెండును పసుపువన్నెవే. ఒకటి పేగులోనిది, మరొకటి కార్జములోనిది. గ్రుడ్డు చూచి ఇది యిదియని చెప్పగలవాడు లేడు. బస్క్ శవమును కోసి చూడక మలమును మాత్రమే చూచియున్నచో ఏమి చెప్పియుండెడివాడో ఊహింపుడు.

కావున పెద్దపురుగును చూడవలెను. అడవిలో ఏనుగు మరణించినపుడు పశువైద్యులు దాని మరణకారణము నరయుటకు శరీరమును కోయుదురు. ఆ కొద్ది గంటలే పరాన్నభుక్కులను చదువువారికి దొరకు అవకాశము. ఎండకు శరీరము చెడిపోవుచుండును. పురుగులు చచ్చి కరగిపోవుచుండును. అయినను ఏ పురుగు ఎక్కడ దొరకినదో స్థలముతోసహా వ్రాసికొనవలెను. పిత్తనాళపు జలగ తెగిన కార్జమునుండి జారి పేగులో పడినచో, పేగు జలగ యని వ్రాయు పొరపాటు సులభముగా జరుగును.

దొరకిన పురుగును ఉప్పు కొంచెము కలిపిన నీటిలో కడిగి, ముడుచుకొనకుండ రెండు గాజుపలకలనడుమ మెత్తగా అదిమి, ఆ స్థితిలోనే మందునీటితో గట్టిపరచుదురు. పిదప కార్మైను రంగు పట్టించి, క్రమక్రమముగా చిక్కని సారాయములలో ముంచి నీరు తీసి, కెనడా బాల్సమను బంకలో నిలుపుదురు. ఇట్లు చేసిన పురుగు సూక్ష్మదర్శినిక్రింద వీథిపటమువలె విప్పారి కనబడును. నోటి చూషకము ఎక్కడ, రెండవ చూషకము ఎక్కడ? రెండవది నోటికి దాపున కడుపుమీద నున్నచో కార్జపు జలగ తెగ. శరీరపు కట్టకడపట పెద్దగిన్నెవలె నున్నచో పొట్ట జలగ తెగ. హాకేసియస్, ఫెండేరియస్ రెండును ఈ కడపటి గిన్నె గలవే. పేగు కొమ్మలు వేసినదా, రెండు పాయలుగా నూరక సాగినదా? ముష్కములు చీలికలు గలవా, ఉండలుగా నున్నవా? అండాశయము వానికి ముందున్నదా వెనుకనున్నదా? ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము దొరకిన కొలది పేర్ల పట్టిక కుఱుచయగుచు వచ్చును.

పొట్ట జలగలు మాత్రము శాస్త్రజ్ఞులను చాల ఏడిపించినవి. ఇవి చదునుగా నుండవు. లావుగా, కండపట్టి, దానిమ్మగింజలవలె నుండును. అదిమిన చితుకును, అదుమకున్న లోపల కనబడదు. ముడుచుకొన్నదానికిని, సాగినదానికిని రూపమే మారిపోవుటచేత ఒకే పురుగునకు పలువురు పలుపేర్లు పెట్టినవారైరి. 1937లో స్వీడను దేశపు నాస్మార్క్ ఈ తెగనంతటిని మరల పరిశీలించి, పురుగును నిలువున పలుచని రేకులుగా కోసి, చూషకములలోని కండపట్టీల అమరికను చూచి గుర్తింపవలెనని నిర్ణయించెను. బయటి రూపము నమ్మదగినది కాదని దీని సారాంశము.

కార్జపు జలగలలోను ఇట్టి మోసము కలదు. మన పశువుల జైగాంటికా సన్నగా, పొడవుగా, కానుగాకును నిలువున చీల్చినట్లుండును. ఏనుగు జాక్సనై యో సెంటీమీటరుకు కొంచెము పైబడిన పొడవుతో, ఇంచుమించు అంతే వెడల్పుతో రేగాకువలె గుండ్రముగా నుండును. రెంటికిని ఫాసియోలా యని ఇంటిపేరు పెట్టిరి. కాని యీ శతాబ్దమున జన్యుపదార్థమైన డీఎన్‌ఏను పోల్చి చూడగా ఏనుగు జలగ మన ఆవుల జలగకంటె, అమెరికా లేళ్ల కార్జమున నుండు ఫాసియోలాయిడెస్ మాగ్నాకు దగ్గరి చుట్టమని తేలెను. ఒకే కొలనులో నీరు త్రాగు ఆవు జలగ దూరపు బంధువు. సముద్రములకావల నున్న లేడి జలగ దాయాది!

ఈ బంధుత్వములను వెదకుచు పోయినవారు ఆఫ్రికా ఏనుగు కడుపును చేరిరి. అచ్చటి ఏనుగున ప్రోటోఫాసియోలా రోబస్టా యను జలగ కలదు. అది కార్జమున కాక పేగులోనే యుండును. దీనివలన ఏనుగుగున్నల పేగులు తీవ్రముగా దెబ్బతిన్న సందర్భము సోమాలియా దేశమునుండి వ్రాయబడినది. 2008లో ప్రకటింపబడిన డీఎన్‌ఏ పరిశోధనయొకటి, కార్జపు జలగల వంశవృక్షమున మొట్టమొదటి కొమ్మ యిదియే యని చూపినది. అనగా ఈ వంశమువారు ఆఫ్రికాలో, ఏనుగుల పూర్వులయందు, పేగులలో పుట్టి, తరువాత కార్జమునకు ఎగబ్రాకిరని వారి యభిప్రాయము. బస్క్ చూచిన జలగ నేటికిని పేగులోనే యుండి ఆ పాతకాపురమును నిలుపుకొన్నది. పిత్తనాళము పేగులోనికే తెరుచుకొనును గనుక ఆ ప్రయాణము మనము తలచినంత దూరమైనది కాదు.

డీఎన్‌ఏ పరీక్ష వచ్చినపిదప అడవి మృగములవిషయమున ఒక పెద్ద మేలు కలిగెను. పెద్దపురుగు దొరకకున్నను, లద్దెలోని గ్రుడ్డును సారాయములో నిలువచేసి, దాని డీఎన్‌ఏ వరుసను ముందే పేరు తెలిసిన పురుగుల వరుసలతో పోల్చవచ్చును. దీనికి గొప్ప దృష్టాంతము నేపాళమున చిత్వన్ జాతీయవనములో కనబడినది. అచ్చటి ఒంటికొమ్ము ఖడ్గమృగముల లద్దెలో రక్తనాళపు జలగ గ్రుడ్లు దొరకినవి. ఖడ్గమృగమునకు ప్రత్యేకమైన జలగ యేదో కాబోలునని యెవ్వరైన తలంతురు. వరుసలు పోల్చి చూడగా అది ఏనుగులలోని బైవిటెల్లోబిల్‌హార్జియా నాయరై యే! ఈ సంగతి 2014లో ప్రకటింపబడినది. ఏనుగునకే చెందినదనుకొన్న పురుగు అదే పచ్చికబయలున, అదే నీటిలో తిరుగు మరియొక మృగమునందు కాపురము పెట్టియున్నది. అయితే యీ పోలికకు ఆధారమేది? పేరు తెలిసిన పెద్దపురుగు ఒకనాడు ఎవరో కోసి, చూచి, వ్రాసిపెట్టినదే. ఆ మొదటి పని లేనిచో డీఎన్‌ఏ వరుస పేరులేని అక్షరముల గుంపు మాత్రమే.

మన ప్రాంతమువారు ఈ పనికి దూరముగా లేరు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖవారు హాప్లోర్కిస్ ప్యూమిలియో యను సన్నని పేగు జలగ నత్తనుండి చేపకును, చేపనుండి చేపలుతిను జీవులకును ఎట్లు పోవునో అంచెలంచెలుగా కనిపెట్టి 2006లో ప్రకటించిరి. నత్తలోని డింభకమునకును, పేగులోని పెద్దపురుగునకును ముడివేయు పని కంటె ఓపిక కావలసిన పని యింకొకటి లేదని నా నమ్మకము.

ఇక బాలుని ప్రశ్న. జాక్సనై, హాకేసియస్ రెండును ఏనుగు పురుగులుగానే పుస్తకములలో నెక్కినవి. ఆవులకు జబ్బు చేయునవిగా కాదు. నేపాళపు ఖడ్గమృగముల కథ విన్నపిదప ఎన్నడును రావని ప్రమాణము చేయుటకు నాకు మనసొప్పలేదు. అందుచేత ఇద్దరమును చెరువునకే పోయితిమి. నీటిలో చేయి పెట్టక జల్లెడతో నత్తలను తీసితిమి. కొన్ని జలగల తోకడింభకములు చర్మమును తొలిచి దురద పుట్టించునని పిల్లలు మరువరాదు. మొన పైకి పెట్టి చూచినపుడు నోరు కుడివైపునకు తెరుచుకొన్న పలుచని లిమ్నియా గుల్లలు అందులో నిండుగా నున్నవి. వానిని గాజుగ్లాసులో పోసి వెలుతురున నుంచితిమి. మూడవనాటికి తోకడింభకములు కొన్ని వెలువడి, గాజుగోడకు అంటుకొని, తోక వదలి, తెల్లని చుక్కలుగా తిత్తులు కట్టినవి. కార్జపు జలగ తెగవారి నడవడి యిది.

అతని యింటి ఆవు పేడను పరీక్షింపగా మూతగల పసుపు గ్రుడ్లు కనబడినవి. పశువైద్యుడు కార్జపు జలగకు మందు వ్రాసి యిచ్చెను. పొట్ట జలగయే యైయున్నచో ఆ మందు పనిచేయదనియు, దానికి వేరుమందు కావలెననియు ఆయన చెప్పెను. ఏనుగులు రాని వేసవిలోను ఆ ఆవు ఆ చెరువునే త్రాగును. దాని పేడ ఆ గట్టుననే పడును. ఆ నత్తలు అక్కడనే యుండును. ఇది విని బాలుడు "అట్లయితే మా ఆవు జలగ మా ఆవుకే వచ్చింది సార్" అనెను. ఇప్పుడు వారు ఆవును బోరునీటి తొట్టియొద్దనే త్రాపుచున్నారు. చెరువంచు గడ్డిని కోసి యెండబెట్టి కాని వేయుట లేదు.

ఏనుగు లద్దెలోను గ్రుడ్లు దొరకినవి. మూత కలదు, వన్నె తెలుపు. అంతమాత్రమున పేరు చెప్పరాదు గనుక వానిని సారాయమున వేసి సీసాలో బిగించి, చీటీపై తేదీ, చెరువు పేరు, "ఏనుగు లద్దె, కడపటి చూషకముగల తెగ కావచ్చును" అని వ్రాసితిమి. పురుగు పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా నున్నది. సీసా ప్రయోగశాల బీరువాలో రెండవ అరలో నున్నది, చూడగోరువారు చూడవచ్చును.